కొటారు పలికిన ఏడు

అనగనగనగా, సముద్రం ఇప్పటికంటే కాస్త దూరంగా ఉన్న రోజుల్లో, నీలవాడ అనే రేవుపట్నం ఉండేది.

ఆ పట్నంలో కొండ మీద కోశాధికారి విరూపాక్షుడి మేడ, కొండ కింద రాజుగారి ధాన్యపు కొటారు, దాని పక్కనే రేవు బజారు. కోతలయ్యాక కొటారులో ధాన్యం కొలిచి, ఆ లెక్క కొండ మీదికి పంపేవారు. ధాన్యం ఎక్కువైతే విరూపాక్షుడు ఖజానా అప్పుల మీద వడ్డీ తగ్గించేవాడు. తక్కువైతే పెంచేవాడు.

వడ్డీ తగ్గిందని దండోరా పడితే చాలు, వర్తకులు చవకగా అప్పు తెచ్చి ఓడల్లో వాటాలు కొనేవారు. వాటాల ధరలు ఆకాశాన్నంటేవి. వడ్డీ పెరిగితే అవే ధరలు నేలచూపులు చూసేవి. అందుకే ఆ బజారులో సముద్రం వైపు చూసేవాడే లేడు. అందరి మెడలూ కొండ వైపే తిరిగి ఉండేవి.

ఇక ధాన్యం కొలిచే పద్ధతి వినండి. మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, ‘లాభం’ అనాలి. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఏడో కుంచం దగ్గర మాత్రం చిక్కు. ఏడు అంటే ఏడవమని కూడా అర్థం కదా! నిండు రాశి ముందు ఆ మాట ఎవరంటారు? పూర్వం పెద్దలు ‘ఆరున్నొకటి’ అని కొలిచేవారు. తర్వాతివాళ్ళకి అంత ఓపిక లేకపోయింది. ఆరు తర్వాత ఎనిమిది అనేసి ముందుకు పోయేవారు. అలా తొమ్మిది కుంచాలు పోస్తే లెక్కలో పది పడేవి. ధాన్యం ఎక్కువ కనిపిస్తోందని ఎవడైనా ఫిర్యాదు చేస్తాడా?

అలా దాటేసిన మొదటి ఏట కోతలయ్యాక లెక్క ఘనంగా వచ్చింది. వడ్డీ నూటికి మూడు వరహాల నుంచి రెండుకి దిగింది. మిగులు ధాన్యం ఓడలకెక్కింది. ఆ మిట్టమధ్యాహ్నమే, తాళం వేసి ముద్ర కొట్టిన కొటారు లోంచి ఒక గొంతు వినిపించింది.

“ఏడు.”

లోపల మనిషి లేడు. కావలివాళ్ళు బల్లేలు పారేసి పరుగెత్తారు. విరూపాక్షుడు తలుపుకు ఒక బూడిదగుమ్మడికాయ కట్టించి, పని అయిపోయిందనుకున్నాడు.

రెండో ఏట లెక్క ఇంకా ఘనంగా వచ్చింది. మళ్ళీ మిగులు ఓడలకెక్కింది. మళ్ళీ మిట్టమధ్యాహ్నం. “ఏడు... ఏడు...” అంది కొటారు. ఆ ఎండలోనే తలుపు సందుల్లోంచి ఎలుకలు బయటికొచ్చాయి. పిల్లల్ని నోట కరుచుకుని, బారులు తీరి, ఎవరికీ భయపడకుండా ఊరు దాటి వెళ్ళిపోయాయి. బజారులో వాటాల ధరలు కొంచెం వణికాయి. విరూపాక్షుడు వడ్డీ ఇంకో అరవరహా తగ్గించాడు. అంతే, వణుకు పోయింది. అప్పు చవకైతే దయ్యం కూడా ముద్దొస్తుంది కాబోలు.

మూడో ఏట ఆ గొంతు ఆగనే లేదు. పగలంతా “ఏడు... ఏడు... ఏడు...” తల్లులు పిల్లల చెవులు మూసి ఇళ్ళలో కూర్చున్నారు.

“ఏడవమంటోంది, ఏడిస్తే సరి!” అన్నాడు విరూపాక్షుడు. చావు ఇళ్ళలో కూలికి శోకాలు పెట్టే ఆడవాళ్ళని పిలిపించి కొటారు ముందు కూర్చోబెట్టాడు. అటు శోకాలు, ఇటు రేవులో మూడో ఏటి మిగులు బస్తాలు ఓడలకెక్కడం. రాజుగారు కూడా చూడ్డానికి వచ్చారు.

ఆ శోకాలవాళ్ళలో నూకాలని ఒక ముసలమ్మ ఉంది. ఆమెకున్నది ఒక్క మనవరాలు. నూకాలుకి ఆ రోజు ఏడుపు రాలేదు. తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

“కూలి తీసుకున్నావు, ఏడవవేం?” అని గద్దించాడు విరూపాక్షుడు.

“ఒక సంగతి తెలీక ఏడుపు రావట్లేదు బాబూ. కొటారులో ధాన్యం ఏటేటా పెరుగుతోందంటారు. మరి నా మనవరాలి గంజి ఏటేటా పలచబడిపోతోందేం? బియ్యం ధర ఎందుకు పెరుగుతోంది?”



నూకాలు లేచి తలుపుకి చెవి ఆనించింది. చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. “మారాజా, ఇది శాపనార్థం కాదు. ఇదెవరో కొలుస్తున్న గొంతు” అంది. తలుపు మీద తడుతూ మెల్లగా మొదలుపెట్టింది. “లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు...”

“ఏడు” అంది లోపలి గొంతు.

“ఎనిమిది” అంది నూకాలు.

“ఏడు!” తలుపు అదిరింది. గుమ్మడికాయ తెగి కిందపడింది.

“చూశారా దొరా? మనం దాటేసిన కుంచాన్ని అడుగుతోంది. తలుపు తీయించండి.”

వర్తకులు రాజుగారి కాళ్ళ మీద పడ్డారు. “వద్దు ప్రభూ! లోపల తక్కువుందని తెలిస్తే వడ్డీ పెరుగుతుంది, బజారు మునిగిపోతుంది!”

“బజారు ఇవాళ మునిగితే రేపు తేలుతుంది నాయనా. తిండి లేక పసిపిల్ల పోతే మళ్ళీ వస్తుందా?” అంది నూకాలు. ఆ మాటకి మాత్రం ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది.

రాజుగారు ముద్ర పగలగొట్టించారు.

లెక్క ప్రకారం దూలం దాకా ఉండాల్సిన రాశి మోకాలి దాకా కూడా లేదు. లేని ధాన్యాన్ని మూడేళ్ళుగా మిగులనుకుని అమ్ముకున్నారు. ఆ చిన్న రాశి మీద ఒక పాత కుంచం నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని లోంచే గొంతు వస్తోంది.

రాజుగారు దగ్గరికి వెళ్ళారు. చేత్తో ధాన్యం తీసి కుంచం నింపి, అందరికీ వినబడేలా అన్నారు: “ఏడు.”

గొంతు ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఓడల్లోని బస్తాలన్నీ దించారు. వడ్డీ నూటికి నాలుగు వరహాలైంది. వాటాల ధరలు కుప్పకూలాయి. కూలి లేకుండానే వర్తకులు శోకాలు పెట్టారు. విరూపాక్షుడు కోశాధికారి పదవి పోగొట్టుకుని కొటారులో ధాన్యం కొలిచే కొలగాడయ్యాడు. ఊరు పలచటి గంజితోనే పంట చేతికొచ్చేదాకా ఎలాగో గట్టెక్కింది. ఒక్క పిల్ల కూడా పోలేదు. నూకాలు మనవరాలు కూడా బతికింది.

ఆ తర్వాత కోతలప్పుడు విరూపాక్షుడు కొలుస్తూ ఆరు దాకా వచ్చి ఊపిరి పీల్చుకునేవాడు. ‘ఏడు’ అనేవాడు. అతని గొంతుతో పాటు ఇంకో గొంతు కూడా ఆ మాట అనేదని పక్కనున్నవాళ్ళు చెప్పేవారు. అతను మాత్రం ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు.

నీతి: చెవికి ఇంపుగా లేదని లెక్కలో దాటేసిన అంకె ఎక్కడికీ పోదు, ఊరిని ఏడిపించైనా సరే, తన లెక్క తాను చెప్పుకుంటుంది.