అంగడి వీధిలో రథాల పందెం

అనగనగా అరుణావతి అనే నగరం. అక్కడ గుర్రపు డెక్కల చప్పుడే జనానికి మేలుకొలుపు. ఆ నగరంలో రాజుగారి సారథి భద్రయ్యకు కేయూరుడనే కొడుకు. నూనూగు మీసాల వయసు. పగ్గాలు చేతికొస్తే చాలు, ఒళ్ళు తెలిసేది కాదు.

పందేలకు ఊరి బయట మైదానం ఉంది. వీధుల్లో పందేలు కూడవని జయంతవర్మ మహారాజు చాటింపు కూడా వేయించాడు. కానీ కేయూరుడి నేస్తం, సేనాపతి కొడుకు విశోకుడు ఒప్పుకుంటేగా!

"మైదానంలో ఎవడైనా తోలతాడు. అంగడి వీధి మలుపులో తోలినవాడే సారథి!" అనేవాడు.

మొదటిసారి పందెం వేసుకున్నప్పుడు చల్ల అమ్ముకునే అవ్వ కుండలు పగిలాయి. అవ్వ శాపనార్థాలు పెట్టింది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

రెండోసారి సాలెవాడలో, వీధి పొడుగునా సాచిన పడుగు దారాల మీదుగా రథాలు పోయాయి. నేతగాడు తెగిన దారాలు చేతబట్టుకుని, "బాబూ, దారం కాబట్టి అతుక్కుంటుంది. మనిషైతే?" అన్నాడు. కేయూరుడి గుండె కలుక్కుమంది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అయినా విశోకుడు "పిరికివాడా!" అనగానే మళ్ళీ రథమెక్కాడు.

ఆ ఉదయం మంచు దట్టంగా కురుస్తోంది. విశోకుడి రథం ముందుంది. కేయూరుడు కొరడా ఝళిపించాడు. మలుపు తిరిగాడు. ఎవరిదో కేక! రథం దేన్నో ఎక్కి దిగినట్టు ఒక్క కుదుపు.

పగ్గాలు బిగబట్టి వెనక్కి చూశాడు. వీధి నడుమ ఒక ముసలామె పడి ఉంది. కుడిచెయ్యి చక్రం కింద నలిగిపోయింది. పగిలిన గాజుల ముక్కలు, మూలికల మూట, నెత్తురు. కేయూరుడు రథం దిగి ఆమె దగ్గరికి పరుగెత్తాడు. విశోకుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, గుర్రాన్ని అదిలించి మాయమయ్యాడు.

ఆమె మంత్రసాని నాంచారమ్మ. పళ్ళబిగువున తలెత్తి, "నువ్వు భద్రయ్య కొడుకువి కదూ? పుట్టినప్పుడు నిన్ను అందుకున్నది ఈ చెయ్యే నాయనా," అంది.

కేయూరుడు బావురుమన్నాడు.

"ఏడుపు తర్వాత. కుమ్మరి ఇంట్లో ఒక పిల్ల నొప్పులు పడుతోంది. నన్ను అక్కడికి చేర్చు."

అతడు తలపాగా చింపి కట్టు కట్టాడు. ఆమెను రథంలో పడుకోబెట్టి, కుదుపు తగలకుండా నడిపాడు. అక్కడ నాంచారమ్మ నొప్పితో మూలుగుతూనే ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు ఏం చెయ్యాలో చెబుతూ పోయింది. లోపలి నుంచి పసికందు ఏడుపు వినబడేదాకా కేయూరుడు గుమ్మం బయట కొయ్యబారి నిలబడ్డాడు.

సంగతి రాజుగారి దాకా వెళ్ళింది. ఆయన ఇద్దరినీ సభకు రప్పించాడు. సభలో విశోకుడు తొణక్కుండా చెప్పాడు: "పందెం లేదు, ఏమీ లేదు మహారాజా! కేయూరుడి గుర్రం బెదిరింది."

"బెదిరి మనుషులను తొక్కే గుర్రం నగరంలో ఉండరాదు. దాన్ని వధించండి," అన్నాడు రాజు.

విశోకుడు కళ్ళతోనే ఊరుకోమన్నాడు. ఒక్క మౌనంతో బయటపడవచ్చు. కానీ కేయూరుడు ఉండబట్టలేక ముందుకొచ్చాడు.

"గుర్రం బెదరలేదు ప్రభూ! పరుగెత్తమన్నది నేను. కొరడా నాది, తప్పు నాది. మేమిద్దరం పందెం వేసుకున్నాం."

భద్రయ్య తల వాల్చేశాడు.

రాజు గుర్రాన్ని విడిపించాడు. అబద్ధమాడిన విశోకుణ్ణి నగరం నుంచి వెళ్ళగొట్టాడు. కేయూరుడితో, "నిజం చెప్పావు కనుక నిన్ను వెళ్ళగొట్టను. కానీ ఇక రథం తోలే హక్కు నీకు లేదు. నాంచారమ్మకు చెయ్యిగా ఉండి బతుకు," అన్నాడు.

నాంచారమ్మ చెయ్యి మళ్ళీ పనికి రాలేదు. ఆమె పడుచులకు తన విద్య నేర్పుతూ ఇంటింటికీ తిరిగింది. మూలికల మూట మోస్తూ కేయూరుడు వెంట నడిచాడు. ఎన్నేళ్ళు గడిచినా, వెనక చక్రాల చప్పుడు వినిపిస్తే అతడి ఒళ్ళు జలదరించేది.

నలుగురూ నడిచే వీధిలో పందెం వేసేవాడు, తనది కాని ప్రాణాన్ని పందెంలో ఒడ్డుతున్నాడు.