నీళ్లలో దాచిన కట్టెల మోపు

కుందవరం రాజు మల్లభూపతికి చలంటే హడలు. స్నానానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వణికేవాడు. ఆ ఉదయం సభకు వస్తూనే, "కట్టెల కొట్టు అప్పుడే సగం ఖాళీ అయిందట. ఎవరు మింగుతున్నారో ఇవాళే తేలాలి!" అన్నాడు.

వంటశాల అధికారి నరహరి పంతులు మీసం దువ్వుకుంటూ లేచాడు.

"స్నానానికి నీళ్లు కాచే ఓబులమ్మ, ప్రభూ! మణుగు నూనె నా పొయ్యి మీద ఒక్క మోపుతో కాగుతుంది. మణుగు నీళ్లు అంతే వేడెక్కడానికి ఈమె రెండు మోపులు పట్టుకుపోతోంది. రెండోది ఇంటికే!"

ఓబులమ్మ తలుపు దగ్గరే నిలబడి వింటోంది. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. నిజంగానే ఎక్కడైనా పెట్టి మరిచిపోయిందా? గబగబా కొంగు తడుముకుంది. పొయ్యిలో మోపు వేసినప్పుడల్లా కొంగుకు ఒక ముడి వేసుకోవడం ఆమె అలవాటు. రెండు ముడులూ ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది.

"రెండో మోపు ఏది? చూపించకపోతే కోట వదిలి పోవాల్సిందే," అన్నాడు రాజు.

"నీళ్లలో దాచాను దొరా."

సభ గొల్లుమంది.

"అయితే బయటికి తియ్యి!"

"తీస్తాను. ఒకే తూకం, ఒకే వేడి ఉండేలా ఒక చెంబులో నూనె, ఇంకో చెంబులో నీళ్లు పోయించండి. మూతలు బిగించి, గుడ్డలు చుట్టి, తమరి పాదాల కింద ఒక్కోటి పెట్టించండి. ఈలోగా పంతులుగారు తమరి మీద రాసిన పద్యాలు వినిపిస్తారు."

పంతులుకు అంతకంటే ఏం కావాలి? గొంతు సవరించుకున్నాడు. రాజుగారి కిరీటం మీద నలభై పద్యాలు, గుర్రం మీద అరవై. గుర్రం తోక దగ్గరికి వచ్చేసరికి మంత్రి గురక పెడుతున్నాడు.

"ఆపవయ్యా! నా కుడికాలు చలికి కొయ్యబారింది!" అని అరిచాడు రాజు. "ఎడమకాలు మాత్రం హాయిగా ఉంది. దేని కింద ఏం పెట్టారు?"

"కుడికాలి కింద పంతులుగారి నూనె, దొరా. ఒక్క మోపు తిన్నది, ఆ వేడి కాస్తా ఎప్పుడో అయిపోయింది. ఎడమకాలి కింద నా నీళ్లు. రెండు మోపుల వేడి తాగాయి, ఇంకా చల్లారలేదు."

"అంటే?"

"దాచిన మోపు ఇప్పుడు బయటికొస్తోంది!"

రాజు పగలబడి నవ్వాడు. తన భుజం మీది శాలువా తీసి ఓబులమ్మకు కప్పాడు.

"పంతులూ! రేపటి నుంచి ఈమెకు కట్టెలు నువ్వే మోసుకురావాలి. రోజుకు రెండు మోపులు!"

"మరి మిగిలిన పద్యాలు, ప్రభూ?"

"మోస్తూ చదువుకో!"

ఆ నవ్వులకు మంత్రి ఉలిక్కిపడి లేచి, పద్యాలు అయిపోయాయనుకుని చప్పట్లు కొట్టాడు.