సరంగు పోలయ్య నావకు చక్రం

ప్రమోదూత నామ సంవత్సరం, పుష్య బహుళ చవితి, శుక్రవారం. పొద్దెక్కినా మంచు విడలేదు. గాలి తెరచాపను కదిలించీ కదిలించనట్టు వీస్తోంది.

వెనకటికి, సముద్రం ఊళ్లకు ఇంకా దూరంగా ఉన్న కాలంలో, మొగలపాలెం అని ఒక రేవు ఉండేది. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. మొగలో నీటి కింద ఇసుక తిన్నెలుంటాయి. నిన్న ఉన్నచోట ఇవాళ ఉండవు.

ఆ రేవులో నావ నడిపే సరంగులకు ఒక కట్టుబాటు ఉంది. మొగ దాటేటప్పుడు చుక్కాని పట్టినవాడు నోరు విప్పకూడదు. నోరు మాట్లాడితే చేతికి చెవుడు వస్తుందని వాళ్ల నమ్మకం.

సరంగు పోలయ్య పోతూ పోతూ ముగ్గురు బిడ్డలను పిలిచి, "నా అస్థికలు సముద్రంలో కలపండి. తిరిగొచ్చేటప్పుడు నావను ఎవరు మొగ దాటిస్తే వాళ్లదే నావ" అన్నాడు.

పెద్దవాడు సూరన్న. తండ్రి మంచాన పడగానే అతను నావకు చక్రం పెట్టించాడు. చేత్తో నెట్టి నావను తిప్పే చుక్కాని పిడికి రెండు తాళ్లు కట్టి చక్రానికి చుట్టించాడు. "ఎద్దు తోక మెలేసినట్టు ఈ పిడితో ఎన్నాళ్లు? ఇక దొరలా నిలబడి నడుపుతాను" అనేవాడు.

చక్రం చెడ్డదని నేననను. పెద్ద ఓడ చుక్కానిని పదిమంది పట్టినా తిప్పలేరు, దానికి చక్రమే దిక్కు. లోతు బావికి గిలక కావాలి. కుండలో నీళ్లు ముంచుకోవడానికి గిలకెందుకు? సరే, నా మాటల్లో పడి నావ మంచులో ఆగిపోయింది.

రెండోవాడు గవరయ్య. పిడి మంచిదా, చక్రం మంచిదా అని అడిగితే, "ఎవరు గెలిస్తే వాళ్లదే మంచిది" అనే రకం. మూడోది నూకాలు. తండ్రి పక్కన పిడి పట్టి పెరిగిన పిల్ల.

ఆ శుక్రవారం మంచులో ముగ్గురూ తండ్రి అస్థికలు కలిపి తిరిగి వస్తున్నారు. సూరన్న చక్రం పట్టాడు. మొగ దగ్గరకు రాగానే మంచులోంచి ఒక గొంతు వినిపించింది.

"సూరా, ఎడమకు రారా."

అది పోలయ్య గొంతే. సూరన్న చక్రం తిప్పాడు.

"ఇంకాస్త ఎడమకు, నాయనా."

"వస్తున్నా అయ్యా" అన్నాడు సూరన్న.

నూకాలు నీళ్లకేసి చూసింది. నావ పక్కన కొంగలున్నాయి. ఎగరడం లేదు, తేలడం లేదు. కాళ్ల కింద ఇసుక ఉన్నట్టు సముద్రం మీద నిలబడి ఉన్నాయి. అన్నీ నావకేసే చూస్తున్నాయి.

"పెద్దన్నా, చేతికేమైనా తెలుస్తోందా?"

"ఏమీ లేదు. హాయిగా తిరుగుతోంది."

"బతికున్నన్నాళ్లూ అయ్య మొగలో పెదవి విప్పలేదు. పోయాక పిలుస్తాడా?"

గవరయ్య గొంతు తగ్గించి, "మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. నేనూ అదే అంటాను" అన్నాడు.

నూకాలు ఇక మాట్లాడలేదు. కత్తి తీసి చక్రం తాళ్లు రెండూ కోసి, పిడి పట్టుకుంది. పిడి గజగజ వణుకుతోంది. చుక్కాని అడుగు ఇసుకను గీరుతున్న వణుకు అది. అంతసేపూ దాన్ని తాళ్లే మింగేశాయి.

పిడిని ఎటు నెడితే నావ అందుకు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఆమె ఒళ్లంతా బరువు వేసి ఎడమకు నెట్టింది. కదల్లేదు.

"నూకాలూ, చేయి వదులు తల్లీ."

ఈసారి గొంతు చెవి పక్కనే ఉంది. జవాబు గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

అప్పుడు ఆమె చేతి మీద చల్లగా, తడిగా, ఒక అరచేయంత బరువు పడింది. అది ఒక్క మాటా అనకుండా ఆమెతో కలిసి నెట్టింది. పిడి కదిలింది, నావ కుడికి తిరిగింది, వణుకు ఆగిపోయింది. లోతు నీళ్లు వచ్చాయి.

మంచు పలచబడ్డాక ముగ్గురూ వెనక్కి చూశారు. ఎడమ తిన్నె నిండా విరిగిన నావల పక్కటెముకలు. కొంగలు ఒక్కటీ లేవు. నూకాలు చేతి మీద అయిదు వేళ్ల తడి మరక ఆరడానికి సాయంత్రమైంది.

నావ నూకాలుకు వచ్చింది. చక్రం సూరన్నకు వచ్చింది. ఎవరి పక్షమూ పట్టని గవరయ్యకు ఏమీ రాలేదు.

చేతికీ పనికీ మధ్య దూరం పెరిగిన కొద్దీ సుఖం పెరుగుతుంది. ముప్పు దాక్కునేదీ ఆ దూరంలోనే.