కోటుకు తీసిన షాటు

శంభుప్రసాద్ గారు ఆశ్రమం పెట్టకముందు సినిమాల్లో మేకప్ మాన్. ఎవరేం అడిగినా శాస్త్రం చెప్పేవారు కాదు. సెట్లో తాను చూసిన ముచ్చట ఒకటి చెప్పేవారు.

ఓ సాయంత్రం శేషు అనే శిష్యుడు ఆయన దగ్గర కూర్చున్నాడు. నిరుడు గోదావరిలో పడవ తిరగబడినప్పుడు వాళ్లన్న పోయాడు, శేషు ఈదుకుని బయటపడ్డాడు.

"నలుగురిలో నవ్వబోయి సగంలోనే ఆపేసుకుంటున్నాను గురువుగారూ. అన్నను నీళ్లలో వదిలేసి, నేనొక్కణ్నే ఒడ్డున కూర్చుని నవ్వుతున్నట్టుంటుంది. ఏం చెయ్యను?"

గురువు మొదలుపెట్టారు.

"సుబేదారు సింహాద్రి అని ఒకాయన ఉండేవాడు. సైన్యం నుంచి రిటైరై వచ్చి నటుడయ్యాడు. మనిషి ఆజానుబాహువు, గుబురు మీసం. చచ్చిపోయే సైనికుడి వేషాలే ఇచ్చేవారు. ఎవరితోనూ కలిసేవాడు కాదు. అన్నం ప్లేటు పట్టుకుని జనరేటర్ వ్యాను వెనక్కి పోయేవాడు. శవంగా నటించినవాడు షాటు అయ్యాక కళ్లు తెరిచి కెమెరాకేసి నవ్వాలి. ఆ నవ్వు కూడా తీస్తారు. లేకపోతే కీడని మావాళ్ల నమ్మకం. ఆయన ప్రతిసారీ నవ్వేవాడు, ఆర్డరు పాటించినట్టు.

ఆ రోజు ఉప్పు పోసి మంచు చేశారు. తోటి సైనికుడి వేషం వేసినవాడు తన కోటు విప్పి ఆయన మీద కప్పాడు. షాటు అయిపోయింది. 'బాబాయ్, ఒక్క నవ్వు పారేసి లేవండి, బిర్యానీ చల్లారిపోతోంది' అన్నాడు డైరెక్టరు. సుబేదారు కళ్లు తెరిచాడు గానీ నవ్వలేదు. సెట్టంతా బిగుసుకుపోయింది. 'ఈయన్ని ఇంకెవడు పిలుస్తాడండీ' అని మేనేజరు గొణిగాడు. ఆ మాట ఆయనకీ వినపడింది.

రక్తం రంగు తుడుద్దామని నేను వంగితే మెల్లగా అన్నాడు: 'యుద్ధంలో కొండ మీద మా జోగారావు పోయినప్పుడు నేనూ ఇలాగే కోటు కప్పానండీ. వాడికి ఈ నవ్వు షాటు ఎవరూ తియ్యలేదు.'

లేచాడు. తన ఒంటి బరువుకు ఉప్పులో పడ్డ గుంటలో ఆ కోటు పరిచి, చేతులు సర్ది, గుండీలు పెట్టాడు. 'ముందు వాడికి తియ్యండి' అన్నాడు. కెమెరామాన్ ఎవర్నీ అడగలేదు. మనిషి ఒకసారి నవ్వడానికి పట్టేంతసేపు ఖాళీ కోటు మీద కెమెరా నడిచింది. తర్వాత సుబేదారు దాని పక్కనే పడుకుని, కళ్లు తెరిచి, నవ్వాడు."

"ఆ నవ్వు సినిమాలో ఉందా?" అన్నాడు శేషు.

"అలాంటివి సినిమాలో పెట్టరు." గురువు చాప చుట్టబోతూ ఆగారు. "మీ అన్న చొక్కా ఒకటైనా దాచావా, శేషూ?"