అర్థమైంది ప్రభూ

రాజు పెదభూపతికి ఆ వేళ కోపం నెత్తికెక్కింది. ఏనుగుల పాత కొట్టాన్ని ఎవరో కూల్చేశారు. ఏనుగులు వానలో తడుస్తున్నాయి, పట్టపుటేనుగుకు పడిశం పట్టింది. కొత్తది కట్టాకే పాతది కూల్చాలన్నది ఆయన ఆజ్ఞ.

తప్పంతా తాపీమేస్త్రి పోలయ్యదేనని ప్రధాని గుండామాత్యుడు తేల్చేశాడు. సాయంత్రం పోలయ్యకు సభలో కొరడా దెబ్బలు. ఇకమీదట తన ఆజ్ఞ తలకిందులు కాకుండా ఉపాయం చెప్పినవాడికి తన మెడలోని హారం ఇస్తానన్నాడు రాజు.

విదూషకుడు మాచనకు ఒళ్లు మండింది. రాజు ఆ ఆజ్ఞ ఇచ్చిన రోజు అతను అక్కడే ఉన్నాడు. రాజు "పాత కొట్టం కూల్చాలి, అయితే" అనగానే ప్రధాని "చిత్తం, అర్థమైంది ప్రభూ" అంటూ వెళ్లిపోయాడు. మిగతా మాట రాజు ఆయన వీపుకు చెప్పుకున్నాడు. పూర్తిగా వినడం మందబుద్ధుల పని అని ప్రధానిగారి నమ్మకం. కూల్చమని వచ్చిన ప్రధానిని మరి ఏనుగులెక్కడుంటాయండీ అని అడిగినందుకు పోలయ్యకు దక్కింది తిట్లే. కానీ ప్రధాని మీద విదూషకుడు ఫిర్యాదు చేస్తే నమ్మేదెవరు?

మాచన రాజు చెవిలో ఏదో ఊదాడు. రాజు మీసాల చాటున నవ్వుకుని ప్రధానిని పిలిచాడు.

"గుండామాత్యా, ఊళ్లో మీ మేడంత విశాలమైంది ఇంకోటి లేదు. అందుకని మా పట్టపుటేనుగును మీ ఇంటికి పంపుతున్నాం. దానితోపాటు..."

"చిత్తం, అర్థమైంది ప్రభూ. మహాప్రసాదం" అంటూ ప్రధాని గడప దాటేశాడు.

తనకు ఏనుగు అంబారీ మీద ఊరేగింపని ఊరంతా చాటించాడు. పట్టుబట్టలు కట్టి, అత్తరు పూసుకుని, చుట్టాలందరితో వీధి గుమ్మంలో నిలబడ్డాడు. పట్టపుటేనుగు రానే వచ్చింది. దాని వెనకే మిగతా ఏనుగులన్నీ వచ్చాయి. మావటివాళ్లు వాటిని తిన్నగా లోపలికి తోలారు. ఒకటి పెరట్లో అరటితోట మేసేసింది, ఒకటి సావిట్లో పడుకుంది. పట్టపుటేనుగు ప్రధానిగారి మొహం మీదే తుమ్మింది.

ఆయన ఆ అవతారంతోనే సభకు పరుగెత్తాడు. అక్కడ పోలయ్యను అప్పటికే స్తంభానికి కట్టేశారు.

"ఇదేం అన్యాయం ప్రభూ? ఏనుగుల కాపురం నా ఇంట్లోనా?"

"అర్థమైందన్నారుగా" అన్నాడు రాజు.

"తమరు పూర్తిగా చెప్పందే ఎలా అర్థమవుతుంది ప్రభూ?"

మాచన చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"పూర్తిగానే చెప్పారండి. తమరే లేరు. కొట్టం కూల్చమన్ననాడూ ఇంతే."

రాజుకు ఆ రోజు గుర్తొచ్చింది. పోలయ్య కట్లు విప్పించాడు. అడిగినవాణ్ణి తిట్టకూడదు, విన్నవాడు విన్నది అప్పజెప్పి రాజు ఔనన్నాకే కదలాలి. ఇదీ మాచన అప్పుడు చెప్పిన ఉపాయం. రాజు మళ్లీ మొదటినుంచి ఆజ్ఞ ఇచ్చి, అప్పజెప్పమని ప్రధానికి సైగ చేశాడు.

"కొత్త కొట్టం లేచేదాకా ఏనుగులు మా ఇంట్లోనే ఉంటాయి" అని గొణిగాడు ప్రధాని. "వాటి పేడ..." అని ఆగిపోయాడు.

"కానివ్వండి అయ్యగారూ, మేం చివరిదాకా వింటాం" అన్నాడు మాచన.

"వాటి పేడ మేమే ఎత్తుకుంటాం."

సభ పొట్ట పట్టుకుని నవ్వింది, అందరికంటే గట్టిగా పోలయ్య నవ్వాడు. రాజు నవ్వు ఆపుకోలేకపోతూనే తన హారం తీసి మాచన మెడలో వేశాడు.