తువ్వాలు చూసిన పాపం

పదకొండు రోజులైనా మరియమ్మకు మొహం రాలేదు.

చెక్క మీద వేస్తున్న పటంలో మిగతాదంతా వచ్చింది. సిలువ వచ్చింది. సిలువ వెనక ఎర్రటి సాయంత్రం వచ్చింది. ప్రభువును కిందికి దించిన తెల్ల తువ్వాలు ఖాళీ సిలువ మీద వేలాడుతూ వచ్చింది. ఆ తువ్వాలు నేనే వేశానంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. కింద కూర్చుని ఏడుస్తున్న తల్లికి మాత్రం మెడ పైన ఉత్త చెక్క.

జోజప్ప మాస్టారి దగ్గర చేరి అప్పటికి రెండేళ్ళు. మా చుట్టుపక్కల చర్చిల్లో బలిపీఠం వెనక ఏ పటం చూసినా ఆయన చేతిదే. అంతకు ముందు నాకు గురువంటూ ఎవరూ లేరు. ఫోన్లో చూసి నేర్చుకున్నాను. విజయవాడ ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక లావుపాటి పుస్తకం చూసి నేర్చుకున్నాను. పడమటి దేశాలవాళ్ళు వెయ్యేళ్ళుగా ఏమేం గీశారో వరసగా బొమ్మలున్న పుస్తకం. అందులో సగం మాటలు నాకు అర్థం కావు, పొగరు మాత్రం పూర్తిగా వచ్చింది.

ఇది నా చేతికి ఒంటరిగా ఇచ్చిన మొదటి పటం. శుక్రవారం పటం పెట్టబోయే చర్చి నుంచి ఇన్నయ్య ఫాదర్ వచ్చి చూస్తారు. "కాకపోతే కంగారు పడకమ్మా, ఫ్లెక్సు కొట్టించుకుంటాం," అన్నారాయన నవ్వుతూ. ఫ్లెక్సు వేలాడిన రోజున మాస్టారి షెడ్డులో నాకేం పని ఉంటుంది?

అసలు సంగతి చెప్పాలి.

మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉంది. చెట్లు, మబ్బులు, బట్టలు ఎప్పుడైనా వేసుకోవచ్చు. మొహం ముట్టుకునే ముందు మాత్రం చర్చికి వెళ్ళి, ఫాదర్‌కు పాపాలు చెప్పుకొని రావాలి. "మురికి చేత్తో అమ్మ బుగ్గ ముట్టుకుంటామా?" అంటారు. యాభై ఏళ్ళుగా ఆయన అదే చేస్తున్నారు.

నేను రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ నా వంతు వచ్చేసరికి వరసలోంచి తప్పుకొని వచ్చేశాను. వచ్చి, చెప్పుకున్నానని మాస్టారితో అబద్ధమాడాను.

గురువారం పొద్దున మొహం ఏడోసారి తుడిచేస్తుంటే మాస్టారు వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏందే ఆరోగ్యం, పేరులో ఉన్నది మనిషిలో లేదే. అన్నం తింటున్నావా?"

నేను బ్రష్షు కింద పెట్టేశాను. ఏడుపు రావాల్సిన చోట పొగరు వచ్చింది.

"ఇట్లాంటివి ఇప్పుడెవరూ గీయట్లేదు మాస్టారూ. పడమటి దేశాల్లో ఎప్పుడో మానేశారు."

"ఏంది మానేసింది?"

"దేవుణ్ణి, దేవమాతను. మామూలు మనుషుల్ని గీశారు. తర్వాత మనుషులు కూడా పోయి బల్ల మీద పళ్ళు గీశారు. తర్వాత పళ్ళూ పోయినయ్యి. ఉత్త రంగులే."

"ఉత్త రంగులా? మనం చేతులు తుడుచుకునే పాతగుడ్డ మాదిరా?"

"ఎగతాళి చెయ్యొద్దు మాస్టారూ."

"ఎగతాళి కాదే. నీకు మొహం రాకపోతే వాళ్ళ మీదికెందుకు నెడతన్నావు?"

ఆ ఒక్క మాటతో నా పొగరు దిగిపోయింది.

"నేను పాపాలు చెప్పుకోలేదు మాస్టారూ. అబద్ధం చెప్పాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఎందుకని?"

"ఏం పాపం చెప్పాలో తెలీలేదు."

"అంత పుణ్యాత్మురాలివా తల్లీ?"

"కాదు." ఇక ఆపలేకపోయాను. "పూజలో అందరూ మోకాళ్ళ మీద ఉంటారు. నేను ఫాదర్ ద్రాక్షరసం గిన్నె తుడిచే తువ్వాలు చూస్తుంటాను. మడత లోపల తెలుపు నీలంగా ఎందుకుందా అని. మా నాయనమ్మ జపమాల పట్టుకుంటే ఆమె వేళ్ళ మీద వెలుగు చూస్తాను. ప్రార్థన రాదు. నాకు భక్తి లేదు మాస్టారూ, కళ్ళే ఉన్నాయి. ఈ పటంలో కూడా అంతే. పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు ఆ తువ్వాలు దగ్గరే కూర్చున్నాను. పక్కన తల్లి ఏడుస్తుంటే నేను మడతలు చూస్తూ కూర్చున్నాను. నాకు ఆమె మొహం ఎట్లా వస్తుంది?"

మాస్టారు వెళ్ళిపొమ్మంటారని ఎదురుచూశాను.

"ఆ పుస్తకం పట్రా," అన్నారు.

తెచ్చి ఒళ్ళో పెట్టాను. మొదటి పేజీల్లో బంగారు రేకు మీద దేవమాత. ఆయన అరచేయి తీసి ఆమెను కప్పేశారు. చాలా పెద్ద చెయ్యి ఆయనది.

"ఇంకేం ఉంది?"

"బంగారం."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

కొన్ని పేజీలు తిప్పారు. దేవమాత ఒళ్ళో బిడ్డ. చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇప్పుడు?"

"వెనక కిటికీ ఉంది. కొండ ఉంది. కొండ మీదికి దారి. ఎవరో గాడిదను తోలుకుపోతున్నారు."

ఇంకొన్ని పేజీలు. దేవదూత వచ్చి మరియమ్మకు కబురు చెబుతున్న బొమ్మ. ఈసారి రెండు చేతులూ కావాల్సొచ్చింది, ఒకటి దూత మీద, ఒకటి ఆమె మీద.

నేను వంగి చూశాను. "గాజు సీసా. అందులో సగం దాకా నీళ్ళు, నీళ్ళలో కిటికీ." అక్కడే ఆగిపోయాను. "గోడకు కొక్కెం. కొక్కేనికి తువ్వాలు."

"మంచి తువ్వాలేనా?"

"చాలా మంచి తువ్వాలు మాస్టారూ."

"ఎన్ని రోజులు పట్టుంటది?"

"ఎనిమిది, తొమ్మిది రోజులు."

"దేవమాత పక్కనే కూర్చోనుండగా?"

నేను తలూపాను.

"మరి ఆమె ఏమన్లేదా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆయన పట్టించుకోకుండా పేజీలు తిప్పుతూ పోయారు. అంట్లు తోముతున్న పనిమనిషి వచ్చింది, ఆమె మీద అదే కిటికీ వెలుగు. బల్ల మీద పళ్ళు వచ్చాయి. ఎండలో గడ్డివాము వచ్చింది. చిట్టచివర ఒక పేజీ నిండా ముదురెరుపు, అంచుల్లో నలుపు, ఇంకేమీ లేదు.

ఆయన చెయ్యి పైకి లేచి ఆగిపోయింది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పేజీ మీద గాల్లోనే ఉంది.

"ఇక్కడ ఎవరూ లేరు మాస్టారూ," అన్నాను.

"లేరనకు. నా చెయ్యి చాలట్లేదు."

పుస్తకం మూసి నా చేతికిచ్చి, స్టూలు మీంచి లేచారు. నా పటం దగ్గరికి వెళ్ళి, మొహం లేని ఆ ఖాళీ చెక్క మీద అరచేయి పెట్టారు. నావైపు తిరిగి చూశారు.

నేను చూశాను. వంగిపోయిన భుజాలున్నాయి. మోకాళ్ళ మధ్య ముడుచుకున్న చేతులున్నాయి. ఎవరూ లేని సిలువ మీద ఇంకా ఆరని తువ్వాలుంది. ఏడుపు ఎక్కడికీ పోలేదు.

ఆయన చెయ్యి తీసేసి, తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగారు.

"అబద్ధం ఆడింది పాపమే. శనివారం పోయి చెప్పుకో. తువ్వాలు సంగతి మాత్రం ఫాదర్‌తో అనకు. పాపం, ఆయన రేపట్నించి గిన్నె తుడవాలంటే భయపడతాడు."

ఆయన వెళ్ళాక స్టూలు పటం దగ్గరికి లాక్కున్నాను. తర్వాత నీలం కలిపాను. ఆమె తల మీది ముసుగును నుదుటి దాకా దించాను. చాల్లేదు. కళ్ళ దాకా, ముక్కు దాకా, గడ్డం కింది దాకా దించాను. మా ఊళ్ళో ఆడవాళ్ళు కొంగు లాక్కునేటట్టే.

శుక్రవారం ఫాదర్ వచ్చారు. సిలువ చూశారు, సాయంత్రం చూశారు, తువ్వాలు దగ్గర కొంచెం ఆగారు. తర్వాత కిందికి చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"మొహం ఏదమ్మా?"

మాస్టారు మూల కూర్చుని బ్రష్షులు కడుగుతున్నారు. తలెత్తలేదు.

"ఏడుస్తున్న మనిషి ఫాదర్," అన్నారు. "కాసేపు ఆగండి."

ఫాదర్ ఇంకేదో అనబోయి మానేశారు. మెల్లిగా చెప్పులు విడిచి, పటం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.