కాగితం రాని నాలుగు నెలలు

హుస్సేన్ పీరా ఒక ఫిర్యాదుతో గురువు దగ్గరికి వచ్చాడు. దర్గా బడికి అతనే పెద్ద. గురువు ఖలందర్ షా ఆ బడిని అతని చేతిలో పెట్టి పదేళ్ళయింది.

"హజ్రత్, ఆ ఓబులమ్మకు మీరైనా చెప్పండి. నన్ను రాతిగుండె మనిషని బజారంతా చెప్పుకుంటూ తిరుగుతోంది. నేను చేసిన తప్పేంటి?"

తప్పేమీ లేదు మరి. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి.

ఓబులమ్మ కూతురు గంగోత్రికి తొమ్మిదేళ్ళు. మాట రాదు. పాత ఊరి బడిలో ఒక టీచరమ్మ రోజూ గంటసేపు పక్కన కూర్చుని చేతి సైగలు నేర్పింది. నీళ్ళకు ఒకటి, నొప్పికి ఒకటి, ఆకలికి ఒకటి. అలా ఇరవై రెండు. నాపరాళ్ళ పాలిష్ పని దొరికి తల్లి ఈ ఊరొచ్చింది. బిడ్డకు బడి మారింది.

"ఈడ గూడా అట్లా ఒకరిని పెట్టండి సారూ" అని అడిగింది ఓబులమ్మ.

"పాత బడి నుంచి కాగితం రావాలమ్మా. తర్వాత మన డాక్టరు కొత్తగా పరీక్ష చెయ్యాలి. ఓపిక పట్టు" అన్నాడు పీరా. మర్యాదగానే అన్నాడు. కుర్చీలో కూర్చుని కాదనేవాళ్ళకు గొంతు పెంచాల్సిన అవసరమేముంది?

సైగలు తెలిసిన సకీనా టీచరు అదే బడిలో, పక్క గదిలోనే లెక్కలు చెబుతోంది. నాలుగు నెలలైంది. కాగితం రాలేదు.

ఖలందర్ షా అంతా విని చెయ్యి చాచాడు. "నీ కళ్ళద్దాలు ఇటివ్వు."

పీరా తీసి ఇచ్చాడు.

"ఎక్కడ చేయించావు?"

"కర్నూల్లో హజ్రత్. అక్కడ పనిచేసేటప్పుడు."

"అక్కడి డాక్టరు నుంచి కాగితం వచ్చిందా?"

పీరాకు నవ్వొచ్చింది. "కాగితమెందుకు హజ్రత్? ఊరు మారితే కళ్ళు మారతాయా?"

గురువు నవ్వలేదు. అద్దాలు జుబ్బా జేబులో వేసుకున్నాడు. "మన డాక్టరు చూడనీ. అందాకా ఓపిక పట్టు. పోయి ఆ పిల్ల పక్కన కూర్చో."

గురువు మాట దాటడం మురీదులకు, ఆయన శిష్యులకు, చేతకాదు. పీరా పోయి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. బోర్డు మీద తెల్లటి మరకలు తప్ప ఏమీ లేవు. ముందున్న పిల్లాణ్ణి "ఏం రాశార్రా?" అని గొణుగుతూ అడిగాడు.

"సారుకు కనపడదంటరోయ్!"

బెంచీలన్నీ కిసుక్కుమన్నాయి. రెండో గంటకు తల పగిలిపోతోంది.

అప్పుడు చూశాడు, జానెడు దూరంలో ఉన్న పిల్లని. గంగోత్రి రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చుంది. పెదాలు ఎండిపోయాయి. పక్కపిల్ల సీసా ఎత్తి గటగటా తాగుతుంటే కళ్ళార్పకుండా చూస్తోంది.

"నీళ్ళు కావాలా అమ్మా?"

ఆ పిల్ల అతని వైపు చూసింది. చేతులు లేవలేదు. తనే సైగ చేద్దామనుకున్నాడు. నీళ్ళకు సైగ ఏమిటో తెలియదు. దేనికీ తెలియదు.

లేచి పక్క గదికి పోయాడు. "సకీనమ్మా, లెక్కలు నేను చెబుతా. నువ్వు గంగోత్రి దగ్గరికి పో. ఇవాళే కాదు, రోజూ."

"కాగితం వచ్చిందా సార్?"

పీరా ఆమె చేతిలోని సుద్దముక్క అందుకున్నాడు. ఆ సాయంత్రం అతను అడగకుండానే గురువు అద్దాలు తిరిగి ఇచ్చాడు.

వారం తర్వాత సకీనా వచ్చి నిలబడింది.

"వాళ్ళమ్మ ఇరవై రెండంది సార్. మూడు మిగిలాయి. చేతులు ఊపి ఊపి, ఎవరూ పలక్కపోతే మానేసింది."

"మళ్ళీ నేర్పు."

"నేర్పుతున్నా. చెయ్యి పట్టుకుంటే లాగేసుకుంటోంది."

పీరా గురువు దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన చేతిని కళ్ళకద్దుకున్నాడు.

"టీచర్ని పెట్టాను హజ్రత్. ఇక ఏ బిడ్డ విషయంలోనూ ఇలా చెయ్యను. నేర్చుకున్నాను."

ఖలందర్ షా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు నేర్చుకున్నావు" అన్నాడు. "ఆ పిల్ల మరిచిపోయింది."